పచ్చబొట్టును గ్రంథస్థం చేసిన థర్‌స్టన్ దొర

కృష్ణాతీరంలో పుట్టి పెరిగినవారికి పచ్చబొట్టు అంటే ఏమిటో చెప్పవలసిన పని లేదు. గుడివాడ మొదలుకొని బందరు మీదుగా దివిసీమ కొసనున్న నాగాయలంక వరకు ఏ ఊరిలో చూచినా, మన అమ్మమ్మల కాలపు వృద్ధురాండ్ర ముంజేతుల మీద ఆకుపచ్చని చుక్కలు, గీతలు, తేళ్ళు, పువ్వులు కనిపించేవి. బియ్యం చెరిగే చేయి, దీపం వెలిగించే చేయి, మనుమని తల నిమిరే చేయి, వీటన్నింటి మీద ఒక రాత ఉండేది. అక్షరం నేర్వని ఆ చేతుల మీద ఆ రాత వ్రాసినవారెవరు? ఏ సిరాతో వ్రాసినారు? అందుకు ఎంత ప్రతిఫలం పుచ్చుకొన్నారు? ఈ ప్రశ్నలు పట్టుకొని బయలుదేరినవాడు చిట్టచివరకు ఒక ఆంగ్లేయ వైద్యుని గ్రంథం ముందు ఆగవలసివస్తుంది. ఆ వైద్యుని పేరు ఎడ్గార్ థర్‌స్టన్.

దక్షిణ దేశపు కులాలను, తెగలను గూర్చి 1909లో వెలువడిన ఏడు సంపుటాల గ్రంథానికి కర్తగా ఈ పేరు మన ఉపాధ్యాయులకు పరిచితమే. తెలుగుదేశపు జానపద జీవితాన్ని గురించి ఏ పరిశోధకుడు వ్యాసం వ్రాసినా ఆ సంపుటాలలో ఏదో ఒక పుటను తిరగవేయక తప్పదు. గ్రంథం అంత ప్రసిద్ధమైనా, దానిని సమకూర్చిన మనిషి జీవితం మాత్రం అంతగా ప్రచారంలో లేదు. అందులో మనకు గర్వకారణమైన ఘట్టాలూ ఉన్నవి, మనస్సు కలుక్కుమనిపించే ఘట్టాలూ ఉన్నవి. రెండింటినీ తెలిసికొనుట విద్యార్థులకు అవసరమని నా విశ్వాసం.

థర్‌స్టన్ 1855లో జన్మించినాడు. బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తి అయిన సంవత్సరమూ అదే. ఆ ఆనకట్ట కాలువలే గుడివాడ సీమను, దివిసీమను అన్నపూర్ణలుగా మార్చినవి. కాలువలతోపాటు క్రొత్త వ్యాపారాలు, క్రొత్త బాటలు వచ్చినవి. పాత బాటల మీద బ్రతికే సంచారజాతుల జీవనం క్రమంగా తారుమారైనది. ఆ తారుమారును కళ్ళారా చూచి, వ్రాసిపెట్టుకొన్నవాడు సముద్రాల కావల అదే సంవత్సరంలో పుట్టుట కాకతాళీయమే అయినా, జ్ఞాపకముంచుకొనదగిన విషయం.

ఆయన తండ్రి లండను సమీపాన క్యూ అనే చోట నివసించేవాడు. థర్‌స్టన్ ఈటన్ పాఠశాలలో చదివి, లండనులోని కింగ్స్ కళాశాలలో వైద్యవిద్య అభ్యసించి, 1877లో పట్టం పుచ్చుకొన్నాడు. కొంతకాలం కెంట్ మండలంలోని మానసిక వైద్యశాలలో వైద్యాధికారిగా పనిచేసినాడు. ఆ పిమ్మట తాను చదివిన కళాశాలలోనే వస్తుప్రదర్శనశాలకు పర్యవేక్షకుడైనాడు. రోగిని పరీక్షించే కన్ను, వస్తువును భద్రపరచే చేయి, ఈ రెండూ ఆయనకు ఆ విధంగా అలవడినవి. తరువాతి జీవితమంతా ఆయన చేసిన పనిలో ఈ రెండు గుణాలే కనిపిస్తవి. మనిషిని కూడ ఆయన రోగివలెనో వస్తువువలెనో చూచినాడా అన్న సందేహానికి కూడ మూలం ఇక్కడే ఉన్నది.

1885లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియానికి అధ్యక్షుడుగా ఆయన నియమితుడైనాడు. ఎగ్మూరులోని ఆ భవనానికి మనకూ పాత బాంధవ్యం ఉన్నది. కృష్ణ ఒడ్డున అమరావతిలో వెలికివచ్చిన సున్నపురాతి శిల్పాలలో అనేకం అక్కడనే భద్రపరచినారు. అరవదేశపు సామాన్య జనం ఆ మ్యూజియాన్ని చెత్త కాలేజీ అని పిలిచేవారు. వారి భాషలో ఆ మాటకు చచ్చినవాటి కళాశాల అని అర్థం. జంతుప్రదర్శనశాల వారికి బ్రతికినవాటి కళాశాల. అరవం రాని తెలుగువాడు ఆ మాట విని నవ్వుకొన్నా, దానిలోని చమత్కారం గ్రహింపదగినదే.

మొదటి పది సంవత్సరాలు థర్‌స్టన్ దృష్టి మనుష్యుల మీద లేదు. ఆయన నాణేలను పరిశీలించినాడు, సముద్రగర్భాన్ని పరిశీలించినాడు. ఈస్టిండియా కంపెనీ ముద్రించిన నాణేల చరిత్రను 1890లో ప్రకటించినాడు. మన్నారు సింధుశాఖలో ముత్యాల వేటను, శంఖాల వేటను గురించి గ్రంథాలు వ్రాసినాడు. 1908లో ఒక జాతి టేకు చేపకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు పెట్టినారు. బందరు, నాగాయలంక పల్లెకారులకు టేకు చేప క్రొత్తది కాదు గాని, దాని కుటుంబంలో ఒక జాతి ఈ దొర పేరు మోస్తున్నదని తెలిసినవారు తక్కువ.

తరువాత ఆయన చేతిపనుల వైపు మళ్ళినాడు. నూలు వస్త్రాల పరిశ్రమను గురించి 1897లోను, పట్టు వస్త్రాల పరిశ్రమను గురించి 1899లోను ఆయన వ్రాసిన పుస్తకాలు వెలువడినవి. బందరువారికి నూలుబట్ట మీద రంగుల పని అనగానే కలంకారీ స్ఫురిస్తుంది. కరక్కాయ కషాయంలో ముంచిన బట్టపైన నల్లని రేఖ తీర్చి, చిరువేరుతో ఎరుపు ఎక్కించి, బందరు రేవు నుండి పారసీక దేశానికి పంపిన పని అది. అటువంటి చోళమండల తీరపు బట్టలు నేటికీ లండను మ్యూజియాలలో అద్దాల వెనుక భద్రంగా ఉన్నవి. బట్టమీది గీతకు అట్టి భాగ్యం కలదు. ఒంటిమీది గీతకు లేదు. అది ఆ మనిషితోపాటే కాటికి పోతుంది. కనుకనే పచ్చబొట్టుకు చరిత్ర మిగలాలంటే ఎవడో ఒకడు దానిని చూచి, అడిగి, కాగితం మీద పెట్టవలసి ఉన్నది. ఆ పనికి పూనుకొన్నవాడు థర్‌స్టన్.

1890 తరువాత ఆయన మనుష్యులను కొలుచుటకు ఆరంభించినాడు. ముందు నీలగిరుల మీది తోడాలను, కోటాలను, ఆ మీదట మైదానాలలోని వివిధ కులాలవారిని కొలిచినాడు. ఎత్తు ఎంత, తల పొడవెంత, ముక్కు వెడల్పెంత అని కొలకర్రలతో, కొలసాధనాలతో ఊరూరా తిరిగినాడు. జనం భయపడినారు. పట్టుకొనిపోయి పటాలంలో చేర్చుకొంటారని కొందరు పారిపోయినారు. తమలో చక్కనివారిని చంపి, గడ్డి కూరి, మ్యూజియంలో నిలబెడతాడని వయనాటి పణియ స్త్రీలు హడలిపోయినారు. ఎప్పుడో చిన్న తప్పు చేసిన ఒకడు, ఎత్తు కొలిచే కొయ్యను ఉరికంబమని భ్రమించి, దాని క్రింద నిలబడనన్నాడు. ఈ సంగతులన్నీ థర్‌స్టన్ దాచుకొనక తానే వ్రాసినాడు. వాటిని ఆయన హాస్యంగా వ్రాసినాడు. నేడు చదివే మనకు ఆ హాస్యం వెనుక ఉన్న భయమే ఎక్కువగా కనిపిస్తుంది.

ముక్కు కొలిచి జాతిని నిర్ణయింపవచ్చునని ఆనాటి పండితుల నమ్మకం. ఆ సిద్ధాంతాన్ని తరువాతి విజ్ఞానశాస్త్రం పూర్తిగా త్రోసివేసినది. ఆయన చేసిన కొలతలలో అధికభాగం అందువలన నిరుపయోగమైనది. కాని కొలుచునపుడు ఎదుట నిలిచిన మనిషి చేతుల మీద, రొమ్ము మీద ఏమున్నదో ఆయన చూచినాడు. ఆ చూపు మాత్రం వ్యర్థం కాలేదు. పచ్చబొట్లను గురించి మ్యూజియం పక్షాన ఒక వ్యాసం వ్రాసినాడు. పొట్టకూటికై బర్మాకు వెళ్ళి తిరిగివచ్చిన కూలీల ఒంటిమీద అక్కడి నిపుణులు పొడిచిన నిండైన బొమ్మలను కూడ ఆయన గమనించినాడు. మన కోస్తా నుండి రంగూనుకు ఓడలెక్కినవారు లెక్కకు మించి ఉన్న రోజులవి.

1901లో భారత ప్రభుత్వం దేశమంతటా జాతుల పరిశీలనకు పూనుకొని, మద్రాసు రాజధానికి థర్‌స్టన్‌ను ఆ శాఖ అధికారిగా నియమించినది. ఆయనకు కుడిభుజంగా నిలిచినవాడు కె. రంగాచారి. సంపుటాల ముఖపత్రం మీద ఆయన పేరును కూడ థర్‌స్టన్ ముద్రింపించినాడు. ఆనాటి దొరలలో ఇది అరుదైన గుణమే. వారు ఫోటో యంత్రమే కాక, మైనపు గొట్టాల మీద కంఠస్వరాన్ని పట్టే ఫోనోగ్రాఫును కూడ వాడినారు. 1906లో దక్షిణ దేశపు ఆచారాలను గూర్చిన గ్రంథము, 1909లో ఏడు సంపుటాలు ఈ శ్రమకు ఫలాలుగా వెలువడినవి.

ఆ ఏడింటిలో మూడవ సంపుటంలో కొరవ అనే శీర్షిక క్రింద పచ్చబొట్టు కథ ఉన్నది. అరవదేశంలో కొరవలని పిలిచేవారికి తెలుగునాట ఎరుకలవారని పేరు. తమలో తాము కుర్రు అని చెప్పుకొంటారు. వీరిలో వెదురు దబ్బలతో బుట్టలల్లేవారు, ఈతపుల్లల పని చేసేవారు, నేతగాండ్రకు కుంచెలు కట్టేవారు, కరివేపాకు అమ్మేవారు, ఉప్పు అమ్మేవారు ఉండేవారు. ఆ వృత్తులనుబట్టియే వారి శాఖలకు పేర్లు కలిగినవి. ఎరుకల స్త్రీలు సోది చెప్పేవారు, పచ్చబొట్లు పొడిచేవారు. మన యక్షగానాలలో ఎరుకలసాని వచ్చి నాయిక చేయి పట్టి జోస్యం చెప్పే ఘట్టం విద్యార్థులు వినియే ఉందురు. చేతిలోని గీతను చదివేదీ ఆమెయే, చేతిమీద గీతను వ్రాసేదీ ఆమెయే.

సిరా తయారుచేసే విధానాన్ని థర్‌స్టన్ వైద్యుడు మందు వ్రాసినట్లు తు.చ. తప్పక వ్రాసినాడు. అవిసె ఆకును, పసుపును కలిపి నూరుతారు. ఆ ముద్దను పలుచని గుడ్డకు పట్టించి, వత్తిగా చుట్టి, ఆముదం పోసిన ప్రమిదలో వెలిగిస్తారు. పైన క్రొత్త కుండ బోర్లిస్తారు. కుండ లోపల పట్టిన మసిని గీకి, చనుబాలతోనో నీటితోనో రంగరిస్తారు. మన ఇండ్లలో కాటుక పట్టిన పద్ధతికి ఇది తోబుట్టువు. మూడు నాలుగు కుట్టుసూదులను కలిపి దారంతో కట్టి, ఆ సిరాలో ముంచి చర్మంలో పొడుస్తారు. పని ముగిసిన తరువాత చన్నీటితో కడిగి, వాపు రాకుండ, రంగు తేట పడునట్లు పసుపు పూస్తారు.

మసి నల్లనిదైనప్పుడు బొట్టు పచ్చనిదెందుకైనదని విద్యార్థి అడుగవచ్చును. మన చర్మపు పైపొర ఎప్పటికప్పుడు రాలిపోయి క్రొత్తది పుడుతూ ఉంటుంది. సూది ఆ పొరను దాటి లోపలి పొరలో మసిరేణువులను విడిచిపెడుతుంది. అక్కడి కణాలు వాటిని మ్రింగి, కరిగించుకొనలేక, తమలోనే పట్టి ఉంచుతవి. కనుక ఆ గుర్తు జీవితాంతం నిలుస్తుంది. ఆ నలుపు మీద చర్మం ఒక పలుచని తెరవలె ఉండుటచే, ఆ తెర గుండా చూచే మన కంటికి అది నీలంగానో, ఆకుపచ్చగానో భాసిస్తుంది. పచ్చబొట్టు అనే పేరు పెట్టిన మన పూర్వులు సిరాను చూచి పేరు పెట్టలేదు, మానిన చేతిని చూచి పెట్టినారు.

బొమ్మలను కూడ ఆయన పేర్కొన్నాడు. ఒట్టి చుక్క, తిన్నని గీత మొదలుకొని చిక్కని ముగ్గుల వంటి రేఖల వరకు ఉన్నవి. తేళ్ళు, పక్షులు, చేపలు, పువ్వులు, వైష్ణవుల తిరునామము ఉన్నవి. మగవారి ముంజేతుల మీద వారి పేర్లు ఉన్నవి. కూలిని కూడ వ్రాసినాడు. చుక్కకో గీతకో పావు అణా. పెద్ద బొమ్మకు 12 అణాలు. పల్లెలలో డబ్బుకు బదులు బియ్యం కొలిచి ఇచ్చేవారు.

ఈ కూలి పట్టిక వద్ద కొంత ఆగవలసి ఉన్నది. పావు అణాకు, 12 అణాలకు నడుమ 48 రెట్ల తారతమ్యం ఉన్నది. అనగా పచ్చబొట్టు కోరి వచ్చినవారి ఎదుట అనేక మార్గాలు ఉండేవి. ఏ బొమ్మ వేయించుకొనవలె? ఎక్కడ? ఎంత పెద్దది? కూతురు నొప్పికి తాళగలదా? పుట్టింటివారి పేరు వేయించుకొంటే అత్తవారు ఏమనుకొంటారు? సాధారణంగా వేయించుకొనేది పెండ్లి కావలసిన పడుచు. ప్రక్కన తల్లి, మేనత్త, ఇరుగుపొరుగువారు. చెరుపుకొనుటకు వీలులేని గుర్తు కనుక సూది దిగుటకు ముందే మాటలు జరిగి తీరవలె. అడిగినదానినల్లా పొడిచిపోయే ఎరుకలసాని మరుసటి ఏడు ఆ ఊరికి రాలేదు. వచ్చినా ఆదరం దక్కదు. కనుక ఆమె సూదితోపాటు ఆలోచనను కూడ అమ్మేది. చేతి తీరును, చర్మపు రంగును, ఇంటివారి మనస్సును, వారి స్తోమతును చూచి సలహా చెప్పేది. నొప్పిని మరపించుటకు పాట పాడేది. నేడు నగరాలలో టాటూ వేసేవారు గాజు తలుపుల గదులలో కూర్చుండి ఖాతాదారునకు చెప్పే సలహాలు ఆనాడు అరుగు మీద, వేపచెట్టు నీడన చెప్పబడినవి. క్రొత్త సూది, క్రిమిశుద్ధి అనే నేటి నియమాలు మాత్రం ఆనాడు తెలియవు. ఒకే సూది పలువురికి వాడుటలోని అపాయం తరువాతి వైద్యశాస్త్రం నేర్పినది.

థర్‌స్టన్ సిరాను వ్రాసినాడు, సూదిని వ్రాసినాడు, కూలిని పావు అణా వరకు వ్రాసినాడు. కాని ఆ సలహాను వ్రాయలేదు. అది చెప్పిన స్త్రీ పేరును వ్రాయలేదు. పచ్చబొట్ల ప్రకరణం ఆసాంతం చదివినా ఆ పని చేసిన ఒక్క ఎరుకలసాని పేరైనా మన కంటబడదు.

పశ్చిమదేశాలలో ఇదే వృత్తివారి సంగతి చూడుడు. న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ అనే ఆయన 1891లో విద్యుత్తుతో నడిచే పచ్చబొట్టు యంత్రానికి పేటెంటు పొందినాడు. లండనులో జార్జి బర్చెట్ అనే ఆయన రాజవంశీయులకు, ప్రభువులకు పచ్చబొట్లు పొడిచి పేరు గడించి, 1953లో మరణించినాడు. 1958లో ఆయన జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చినవి. వారి పేర్లు చరిత్రకెక్కినవి. వారికంటె ముందు, వారికంటె ఎక్కువ చేతుల మీద పనిచేసిన మన ఎరుకలసానులకు పేర్లు లేవు. నైపుణ్యంలో లోపం ఉండి కాదు, అడిగి వ్రాసుకొనేవారు లేక.

ఇక మనస్సు కలుక్కుమనే ఘట్టానికి వద్దాము. థర్‌స్టన్ మ్యూజియంలో శరీరపు కొలతలను గూర్చి ఉపన్యాసాలు ఇచ్చేవాడు. విన్నవారిలో పోలీసులు కూడ ఉన్నారు. కొలతలనుబట్టి, గుర్తులనుబట్టి నేరస్థుని పోల్చే పద్ధతి ఫ్రాన్సు దేశంలో బెర్తియోఁ అనే అధికారి కనిపెట్టినది. అప్పటికింకా వ్రేలిముద్రల పద్ధతి స్థిరపడలేదు. చర్మం మీద చెరగని గుర్తు పోలీసులకు ఎంత ఉపయోగకరమో చెప్పనక్కరలేదు. మన బడి రికార్డులలో విద్యార్థి పుట్టుమచ్చలను వ్రాసే ఆచారాన్ని ఉపాధ్యాయులు ఎరుగుదురు. మచ్చ మనిషిని పట్టి ఇస్తుంది. పుట్టుమచ్చ పట్టి ఇచ్చినట్లే పచ్చబొట్టూ పట్టి ఇస్తుంది.

కొరవలను గూర్చిన ప్రకరణంలో పోలీసువారు అందించిన సమాచారం చాలా ఉన్నది. ఎం. పాపారావు నాయుడు అనే పోలీసు అధికారి ఈ తెగను గురించి వ్రాసిన పుస్తకాన్ని థర్‌స్టన్ విరివిగా వాడుకొన్నాడు. దొంగతనాల పద్ధతులు, రహస్య సంకేతాలు, మారువేషాలు అన్నీ అందులో ఉన్నవి. తెగలోని కొందరు చేసిన నేరాలు తెగ స్వభావంగా ముద్రితమైనవి. ఆ తెగ పూర్వం ఏ పని చేసి గౌరవంగా బ్రతికినదో, ఆ పని ఎందుకు పోయినదో అన్న విచారణకు అందులో తగినంత చోటు దక్కలేదు.

ఆ కారణం మన తీరానికి సంబంధించినది. ఉప్పు ఎరుకలవారు సముద్రతీరపు ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసికొని మెట్టసీమలకు తీసికొనిపోయి, అక్కడి ధాన్యాన్ని మార్చి తెచ్చేవారు. త్రోవలో సోది, త్రోవలో పచ్చబొట్టు. 19వ శతాబ్దిలో ప్రభుత్వం ఉప్పు మీద పన్నును, అధికారాన్ని బిగించినది. రైళ్ళు ఉప్పుబస్తాలను వారికంటె చౌకగా, త్వరగా మోసినవి. వారి బిడారులు ఆగిపోయినవి. ఊరూరా తిరుగుట వృత్తిగా ఉన్నవారికి వృత్తి పోయి తిరుగుట మాత్రమే మిగిలినది. పని లేక తిరిగేవాడు సర్కారు కంటికి దొంగగా కనిపించినాడు. ఈ సంగతిని మన కాలపు చరిత్రకారులు పత్రాల సాక్ష్యంతో నిరూపించినారు.

1871లో ఉత్తరదేశంలో పుట్టిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరించినది. ఏడు సంపుటాలు వెలువడి అప్పటికి రెండేండ్లే అయినది. చట్టానికి థర్‌స్టన్ కర్త కాడు. అప్పటికే ఆయన ఈ దేశం విడిచి వెళ్ళినాడు. కాని పుట్టుకతోనే ఒక జాతి నేరజాతి కాగలదన్న భావనకు పాండిత్యపు ముద్ర వేసిన గ్రంథాలలో ఆయన గ్రంథం ఒకటి అన్న మాట కాదనలేము. ఆ చట్టం క్రింద నమోదైన ఎరుకలవారు ఊరు దాటవలెనన్న అనుమతి చీటీ కావలసివచ్చినది. ఠాణాలో హాజరు చెప్పుకొనవలసివచ్చినది. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అనే నివాసస్థలాన్ని ఏర్పరచి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ పర్యవేక్షణలో కొన్ని కుటుంబాలను అక్కడ ఉంచినారు. తిరునాళ్ళనుండి తిరునాళ్ళకు నడిచిపోయి పచ్చబొట్లు పొడిచే స్త్రీకి చీటీ లేనిదే కదలరాదనుట ఆమె చేతి సూదిని విరిచివేయుటయే. ఇతరుల చేతుల మీద అందాన్ని వ్రాసిన జాతి నుదుట ప్రభుత్వం ఒక మచ్చను వ్రాసినది. 1952 ఆగస్టు 31 నాటికి ఆ చట్టం దేశమంతటా రద్దయినది. కాగితం మీది మచ్చ అప్పుడు చెరిగినది. జనుల మనస్సులలోని మచ్చ చెరుగుటకు అంతకంటె ఎక్కువ కాలం పట్టినది.

థర్‌స్టన్ 1908లో ఉద్యోగవిరమణ చేసి స్వదేశం చేరినాడు. 1902లో కైసరిహింద్ స్వర్ణపతకమూ, 1909లో సి. ఐ. ఇ. బిరుదమూ ఆయనను వరించినవి. దక్షిణ దేశపు శకునాలను, నమ్మకాలను గురించి 1912లోను, మద్రాసు రాజధాని భౌగోళిక విశేషాలను గురించి 1913లోను ఆయన పుస్తకాలు వచ్చినవి. ఆ తరువాత ఆయన మనుష్యులను గురించి వ్రాయుట చాలించినాడు. ఇంగ్లండు నైరృతి కొసన కార్న్‌వాల్ సీమలో చెట్లను, మొక్కలను సేకరించుచు శేషజీవితం గడిపినాడు. ఆ సీమ వృక్షసంపదను గురించి 1922లోను, 1930లోను గ్రంథాలు ప్రకటించినాడు. 1935లో అక్కడనే పెన్జాన్స్ పట్టణంలో కన్నుమూసినాడు. నాణెము, శంఖము, బట్ట, ముక్కు, పచ్చబొట్టు, చెట్టు, ఇట్లు ఎనుబది ఏండ్ల జీవితంలో ఆయన చూచి వ్రాయనిది తక్కువ.

ఇట్టి మనిషిని మనం ఏమని తలచుకొనవలె? పొగడి ఊరకుండుట సులభం, తెగడి ఊరకుండుట అంతకంటె సులభం. రెండూ చదువుకొన్నవారు చేయదగిన పనులు కావు. ఆయన వ్రాసి ఉండనిచో అవిసె ఆకు సంగతి, కుండమసి సంగతి, పావు అణా సంగతి మనకు ఇంత వివరంగా తెలియవు. ఆనాటి మన పండితులలో ఎందరు ఎరుకలసానిని అరుగు మీద కూర్చుండబెట్టి ఆమె విద్యను గురించి అడిగినారు? ఆ విషయంలో దొర మనకంటె ముందున్నాడు. అయితే ఆయన అడిగినది విద్యను గురించి, మనిషిని గురించి కాదు. ఆమెను ఒక జాతికి నమూనాగా చూచినాడేగాని, ఒక వృత్తిలో ఆరితేరిన పనివారుగా చూడలేదు. వ్రాసిపెట్టుట మేలే, కాని పేరు అడుగక వ్రాసినది కాలం మారినపుడు ఎవరి చేతిలో ఏ ఆయుధమవుతుందో చెప్పలేము. ఆయన జీవితం మనకు నేర్పే పాఠం ఇదే.

ఈ పాఠాన్ని ఆచరణలో పెట్టుటకు మనకు ఇంకా కొంత వ్యవధి ఉన్నది. ఎక్కువ లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమ మీద విరుచుకుపడినపుడు పదివేలమందికి పైగా అసువులు బాసినారు. వారితోపాటు ఎందరు స్త్రీల ముంజేతుల మీది రాతలు ఆ నీటిలో కలిసిపోయినవో లెక్క వ్రాసినవారు లేరు. మిగిలిన వృద్ధురాండ్రు కూడ ఒక్కరొక్కరుగా రాలిపోతున్నారు. పెదకళ్ళేపల్లి శివరాత్రి తిరునాళ్ళలోను, హంసలదీవి మాఘపూర్ణిమ తీర్థంలోను సూదితో పొడిచే ఎరుకలసాని కోసం నేడు వెదకవలసినదే.

కనుక ఉపాధ్యాయ సోదరులకు నాదొక మనవి. ఈ వేసవిలో మీ విద్యార్థులకు ఒక పని ఒప్పగించుడు. ఇంటిలోనో, వీధిలోనో పచ్చబొట్టు ఉన్న ముసలమ్మ ఉంటే, ఆమె దగ్గర కూర్చుండి, ఆ బొమ్మను కాగితం మీద దింపుకొనవలె. ఆమె అనుమతి అడిగిన తరువాతనే దింపవలె. ఏ ఊరిలో వేయించుకొన్నదో, ఎన్నేండ్ల వయస్సులోనో, కూలి ఎంత ఇచ్చినారో, పొడిచినామె ఏ పాట పాడినదో అడుగవలె. ఎరుకల కుటుంబాలలోని విద్యార్థులు మీ తరగతిలో ఉంటే, తమ ముత్తవ్వల విద్యను గురించి వారే వ్రాయవలె. ఆ వ్రాతకు ఇతరుల వ్రాత సాటిరాదు.

అన్నింటికంటె ముందు, కాగితం పైభాగాన ఆ ముసలమ్మ పేరు వ్రాయవలె. ఆమెకు జ్ఞాపకముంటే, పచ్చబొట్టు పొడిచినామె పేరు కూడ వ్రాయవలె. ఏడు సంపుటాలలో థర్‌స్టన్ దొర వ్రాయక విడిచిన పంక్తి అదియే.